ఒట్టు లేని మాట

జాబ్రియాలో మూడంతస్తుల ఇంటి కింద
బట్టలుతికే మిషనూ, బియ్యం బస్తాలూ, మేమిద్దరం.
శుక్రవారం పైనోళ్లు కునుకు తీసే గంటన్నర
నఫూలా నేలమీద తువ్వాలు పరిచి కూర్చునేది.
చేతులు జోడించదు. పెదవి కదపదు.
బైబిలు ఒళ్లోనే ఉంటుంది, తెరవదు.

నిద్రపోతున్నావా అన్నా.
కాదు, వింటున్నా అంది.
ఎవర్ని?
అది తెలిస్తే కూర్చోవడమెందుకు అంది.

మా మధ్య ఉన్నది వంటింటి అరబ్బీ:
ఉల్లిపాయ, ఇస్త్రీ, తొందరగా, రేపు.
ఆ నాలుగు మాటల్తో, మిగతాది చేతుల్తో
మూడున్నర వందల ఏళ్ల వెనకటి ఒక చలిదేశాన్ని
నా ముందు పరిచింది, ఆ శుక్రవారం కొంచెం, ఈ శుక్రవారం కొంచెం.

గొర్రెల కాపర్లంట, నేతగాళ్లంట, పాచిపని చేసే ఆడోళ్లంట.
పాదిరి లేకుండా, పాట లేకుండా
గొడ్ల చావిట్లో కూడి ఊరికే కూర్చునేవాళ్లంట.
ప్రతి మనిషిలోనూ ఒక దీపముంది,
దానికి చమురు పొయ్యను పూజారి అక్కర్లేదన్నారంట.
లోపల ఏదైనా కదిలితే లేచి చెప్పొచ్చు.
లేచింది పాచిపనిదైనా సరే, దొర వినాల్సిందే.

కైమోసి దగ్గర మా ఊళ్లో ఇప్పుడు బాగా పాడతాం,
డప్పులు కూడా కొడతాం, అని నవ్వింది.
ఈ మౌనం మాత్రం మా నానమ్మది.

పెద్దమనిషి ఎదురైతే వాళ్లు టోపీ తియ్యలేదంట.
జడ్జీని మొహమ్మీదే 'నువ్వు' అన్నారంట.
దానికి జైలంట.

తడిబట్టలు పట్టుకుని నేనట్లే నిలబడిపోయా.
మా నాయన పెంచలయ్య
పెద్దోళ్ల వీధి మలుపు రాంగానే
భుజమ్మీది తువ్వాలు చంకలోకి,
కాళ్ల చెప్పులు చేతిలోకి.
ఆ వీధిలో పాలపళ్లు ఊడని పిల్లోడు 'ఒరే పెంచలా' అంటే
ఆయన ఆ పిల్లోణ్ణి 'మీరు' అనేవాడు.
తువ్వాలు ఎంత బరువో
ఆ చలిదేశపోళ్లకి ఎట్లా తెలిసింది?

రంజాన్ ముందు మామా బంగారు గాజు పోయింది.
ఇద్దర్నీ హాల్లో నిలబెట్టింది. ఒట్టెయ్యమంది.
వల్లాహి అన్నా. చాల్లేదనిపించి
అమ్మతోడు, నా బిడ్డ తలమీద, ఒంటిమిట్ట రాముడి మీద,
నాకు తెలిసిన ఒట్లన్నీ వేశా,
తెలుగులో వేసినవి ఆమెకేం అర్థమైనాయో.

నఫూలా "తియ్యలేదు" అంది.
ఒట్టెయ్యి.
"తియ్యలేదు."

ఒక్క మాటంటే ఏం పోతుందే, అని అరిచా నేను.
ఎప్పుడో అందామె, ఉల్లిపాయలు తరిగేటప్పుడు:
ఒట్టేసిన పొద్దే నిజమైతే
మిగతా పొద్దులన్నీ మనం ఏం మాట్లాడుతున్నట్టు?
అర్థం కాకపోయినా అప్పుడు తలూపా.

ఫోను లాక్కున్నారు. సాయంత్రానికి ఆఫీసు వ్యాను.
పెట్టె సర్దుకోనిచ్చారు గానీ
తువ్వాలు తీగ మీద ఆరతా ఉండిపోయింది.
మర్చిపోయిందో, వదిలిపెట్టిందో.

తొమ్మిదో రోజు టీ పోస్తుంటే
మామా చేతికి గాజు కనపడింది.
కారు సీటు సందులో దొరికిందని డ్రైవరు చెప్పాడు, గొంతు తగ్గించి.
ఆమె చక్కెర అడిగింది. వేశా.

ఒక ఊళ్లో పెద్దోళ్లందర్నీ జైలుకి తోలితే
కూటానికి పిల్లలొచ్చి కూర్చున్నారంట.
కొట్టి తరిమినా మళ్లీ వచ్చారంట.
ఇది నఫూలా చెప్పిన ఆఖరి కథ.

ఈ శుక్రవారం తువ్వాలు పరిచా.
ఒక పక్కనే కూర్చున్నా, రెండో పక్క వదిలి.
మిషను తిరిగి తిరిగి ఆగింది.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్నాయి.
నాకేమీ వినపడలేదు.
దీపం గీపం కనపడలేదు.
మోకాళ్లు నొప్పెట్టాయి, అంతే.

ఉన్నదున్నట్టు చెప్తున్నా.
ఒట్టేమీ లేదు.